గోదాంలో అర్రబండి

మా అన్న మల్లికార్జున్ ఏ వస్తువు కొన్నా దానికి తొడుగు వేస్తాడు. సోఫా కొని ఎన్నేళ్లయిందో, కంపెనీవాడు చుట్టి పంపిన పాలిథిన్ ఇంకా దాని మీదే ఉంది. ఎండాకాలం కూర్చుని లేస్తే చర్మం దానికే అంటుకుంటుంది. టీవీ రిమోట్‌కు ఒక కవరు, ఆ కవరు చిరగకుండా పైన ఇంకో కవరు. కారు సీట్ల సంగతి ఎత్తను, నాకు కోపం వస్తుంది. మట్టెవాడలో మా పసుపు, మిర్చి హోల్‌సేల్ దుకాణం ఇద్దరిదీ. ఒకే గల్లాపెట్టె వెనక అటు ఆయన, ఇటు నేను కూర్చుంటాం. కాబట్టి ఇవన్నీ చూస్తూ నోరు మూసుకుని ఉండాల్సింది నేనే. నేను ఉండలేదనుకోండి, అది వేరే విషయం.

మనిషి చెడ్డవాడు కాడు. మబ్బు పడితే చాలు, తింటున్న అన్నం వదిలి గోదాంకు పరుగెత్తుతాడు. బస్తా కింద చెక్క లేకపోతే హమాలీల మీద ఇంతెత్తున లేస్తాడు. మా సరుకులో ముక్కిన వాసన ఉందని ఇంతవరకు ఒక్క కిరాణా కొట్టువాడు అనలేదు. దుకాణానికి అది మంచి గుణమే. కానీ ఆ గుణాన్ని చెప్పులతో పాటు గడప బయట విడిచి రావడం ఆయనకు చేతకాదు.

మా వదిన రాజేశ్వరికి కొన్నేళ్ల కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. దవాఖానలో పడుకుని, నోరు పెగలక, మనసులోనే సమ్మక్క తల్లికి మొక్కుకుందట. మాట తిరిగి వస్తే మేడారం జాతరకు వస్తాను, నువ్వు చిలకలగుట్ట దిగి గద్దెకు వచ్చేటప్పుడు దారిలో ఉండి కళ్లారా చూస్తాను, నా ఎత్తు బంగారం ఇస్తాను అని. బంగారం అంటే బెల్లమే, అమ్మవారి దగ్గర దాన్ని మేం అట్లనే అంటాం. కొంచెం ముద్దగానైనా మాట వచ్చింది. ఆమె అడిగేది ఇక అదొక్కటే.

అన్న ఆమెను మేడమీద గదిలో పెట్టాడు. కింద దుకాణం, మిర్చి ఘాటు, అందుకని బజారు వైపు కిటికీ మూసేశాడు. మెట్లు దిగితే పడుతుందని దిగనివ్వడు. చుట్టాల పెళ్లికి పోదామంటే జనంలో జ్వరాలు అంటాడు. మందులు తనే ఇస్తాడు, కాళ్లకు నూనె తనే రాస్తాడు, జడ కూడా తనే వేస్తాడు, అదీ వంకరగా. ఆయన ప్రేమకు వంక పెట్టలేం. అయినా నాకు ఒళ్లు మండేది.

జాతర రెండేళ్లకోసారి. అడవిలో అంత జనం మధ్య ఆమె ఎక్కడ పడుకుంటుంది, ఒంటికీ రెంటికీ ఎక్కడికి పోతుంది అని అన్న చాలా రోజులు మథనపడ్డాడు. చివరికి కరీమాబాద్‌లో వెల్డింగ్ షాపు పెట్టుకున్న కృపానందాన్ని పట్టుకున్నాడు. కృపానందం ట్రాక్టరు ట్రాలీ మీద రేకులతో ఒక గది కట్టిచ్చాడు. లోపల మంచం, ఫ్యాను, మూలన చిన్న బాత్రూం, రెండు వైపులా కిటికీలు. బొలేరో వెనక తగిలిస్తే నడుస్తుంది. వదిన దాన్ని చూసి నవ్వి, "అర్రకే చక్రాలు పెట్టిండ్రు కద" అంది. అర్రంటే గదే, అప్పటి నుంచి దాని పేరు అర్రబండి.

మొదటి జాతరకు అందులోనే పోయాం. గురువారం సాయంత్రం అమ్మవారు గుట్ట దిగుతోందని డోలు మొదలైంది, జనం కేకలు, ఆకాశమంతా దుమ్ము. వదిన మంచం మీద లేచి కూర్చుంది. అన్న గబగబా కిటికీలు మూసి, తలుపు గడియ పెట్టాడు. "దుమ్ము రాజీ, ఊపిరాడది, ఇన్ఫెక్షన్ అయితది" అన్నాడు. అమ్మవారు దాటిపోయింది. వదిన విన్నది డోలు చప్పుడు, పోలీసులు గాల్లోకి పేల్చిన తుపాకీ చప్పుడు, అంతే. బెల్లం నేను మోసుకుపోయి గద్దెల దగ్గర ఇచ్చి వచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు వదిన నాతో ఒక్కటే మాట అంది. "చూడలే కద శ్రీకాంత్. మొక్కు అట్లనే ఉన్నది."

వచ్చాక బండి ఎక్కడ పెట్టాలన్నది పెద్ద పంచాయితీ అయింది. ఏనుమాముల దాటాక మాకు గోదాం ఉంది, ముందు బోలెడంత ఖాళీ జాగా. కృపానందం చూసి, "సేటూ, బయటనే పెట్టు. టైర్ల కింద ఇటుకలు, మీద నాలుగు రేకులు. గాలి ఆడ్తది, ఎప్పుడంటె అప్పుడు తీసుకపోవచ్చు" అన్నాడు.

"బయటనా? ఎండకు రంగు పోదా? వానకు తుప్పు పట్టదా?" అని అన్న అతన్నే కసిరాడు.

బండి గోదాంలోకి పోయింది. దాని మీద లారీలకు కప్పే తాటిపత్రి కప్పాడు. తాటిపత్రి మీద దుమ్ము పడుతుందని పాత చద్దరు పరిచాడు. ఆదివారం ఆదివారం పోయి తుడిచి వచ్చేవాడు. కాళేశ్వరం పుష్కరాలొచ్చాయి, వదిన పోదామంది. ఎండలకు టైరు పేలుతుందన్నాడు. రామప్ప దాకా పోయొద్దామంది. రోడ్డు బాగాలేదన్నాడు. మరి ఆ బండి ఎందుకయ్యా అని నేనడిగితే, "జాతరకు" అన్నాడు. ఏమనాలి ఆ మనిషిని?

ఆ ఏడు వానలకు గోదాంలోకి నీళ్లొచ్చాయి. కింది వరస పసుపు బస్తాలు తడిశాయి. అన్న వారం రోజులు సరిగా తినలేదు. తర్వాత మేస్త్రీని పిలిచి గోదాం నేలంతా మూరెడు ఎత్తు లేపించాడు. నేను దుకాణంలో ఉన్నాను, పని దగ్గర నిలబడింది ఆయనే. అప్పుడైనా బండిని బయటికి తీశాడా? తీయలేదు, వాన తగులుతుందని. వెనక సగంలో బండిని ఉంచి ముందు సగం కాంక్రీటు పోయించాడు. అది ఆరాక చెక్కలు వేసి బండిని కొత్త నేల మీదికి ఎక్కించి, వెనక సగం పోయించాడు. బస్తాలు సర్దాడు, బండికి మళ్లీ తాటిపత్రి కప్పాడు. ఇంటికొచ్చి, "గిప్పుడు ఎంత వానొచ్చినా ఫికర్ లేదు" అన్నాడు. నేలను లేపిన మనిషి షట్టరు మీది దూలాన్ని ఒక్కసారి తలెత్తి చూడలేదు.

మళ్లీ జాతర వచ్చింది. మంగళవారం పొద్దున్నే బయలుదేరాలని అనుకున్నాం. వదిన తెల్లవారకముందే లేచి ఎర్ర చీర కట్టించుకుంది. కారులో ఆమెను గోదాం దగ్గరికి తీసుకొచ్చి నీడలో ఆపాను. బండి బయటికి రాగానే అందులోకి మార్చాలి. ఆమె ఒళ్లో పసుపు, కుంకుమ, చీరె, రవికె ఉన్న సంచి.

బొలేరో లాగింది. బండి కదిలింది. షట్టరు దగ్గరికి వచ్చి ఢామ్మని కొట్టుకుని ఆగింది. కప్పు పోయి దూలానికి తగులుకుంది.

కాసేపు ఎవరికీ ఏం అర్థం కాలేదు. వచ్చినప్పుడు దర్జాగా లోపలికి పోయిన బండి ఇప్పుడు ఎందుకు పట్టదు? అన్న కిందికి చూశాడు, పైకి చూశాడు, మళ్లీ కిందికి చూశాడు. మొహం తెల్లబోయింది. హమాలీలు తలా ఒక సలహా ఇచ్చారు. టైర్లలో గాలి తీశాం, నాలుగు వేళ్లు దిగింది. చక్రాలే ఊడదీసి పైపుల మీద దొర్లించాలని చూశాం, అయినా జానెడు అడ్డం. దూలం పగలగొడదామంటే మేస్త్రీ ఫోన్‌లోనే కేకలేశాడు, స్లాబు బరువంతా దాని మీదే ఉందని. కొత్త నేల పగలగొట్టాలంటే అది రెండు మూడు రోజుల పని. అప్పటికి అమ్మవారు గుట్ట దిగి, గద్దెకు చేరి కూడా ఉంటుంది.

అన్న కారు దగ్గరికి వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు.

"రాజీ, ఈసారికి ఆగుదాం. రెండేండ్లకు మళ్ల వస్తది కద జాతర. అప్పటిదాంక దీన్ని సక్కగ చేపిస్త."

వదిన ఆయన వైపు తిరిగింది. ఆమెకు మాట మెల్లగా వస్తుంది, మేం ఆగి వినాలి.

"బండి ఖరాబ్ కావొద్దని గోదాంల పెట్టినవ్. నేను ఖరాబ్ కావొద్దని అర్రల పెట్టినవ్. ఇద్దరం మంచిగనే ఉన్నం. ఏడికన్న పోయినమా?"

"అది కాదు రాజీ..."

"కప్పు కోపియ్యి."

"కప్పు కోస్తె ఇగ ఏం మిగుల్తదే?"

"నేను మిగుల్త" అంది వదిన.

అన్న బండి వైపు చూశాడు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి, తుడుచుకోనైనా లేదు. నేను పక్కకు పోయి కృపానందానికి ఫోన్ చేశాను.

అతను కట్టర్ పట్టుకుని వచ్చేసరికి హమాలీలు బస్తాలన్నీ దూరం జరిపి, నేల తడిపి ఉంచారు. కృపానందం బండి చుట్టూ ఒకసారి తిరిగి, తను వేసిన వెల్డింగును అరచేత్తో తడిమాడు. "మంచిగ కుదిరిన పని సేటూ. నా చేతులతోనే కోపిస్తాన్నవ్" అన్నాడు. ఆపైన కట్టర్ అందుకుని కిటికీల కింది అంచు వెంట కోసుకుంటూ పోయాడు. నిప్పురవ్వలు రాలుతుంటే అన్న బకెట్టు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. కప్పు, దాంతో పాటు గోడల పైసగం, ఫ్యాను, అన్నీ ఊడి గోదాంలో పడ్డాయి. మిగిలింది నడుమెత్తు గోడలున్న డొక్కు ట్రాలీ, మధ్యలో మంచం. బాత్రూం మూలకు దుప్పటి కట్టాం. చక్రాలు బిగించి లాగితే షట్టరు కింద నుంచి హాయిగా బయటికి వచ్చింది.

ములుగు దాటి అడవిలోకి పోయేసరికి వదిన జుట్టంతా ఎర్రమట్టి అయింది. దారి పొడవునా పక్క ట్రాక్టర్లలోని ఆడవాళ్లు ఆమెను పలకరిస్తూనే ఉన్నారు. రెండు ట్రాలీలూ పక్కపక్కకు వచ్చినప్పుడు ఒకామె పల్లీలు అందించింది. వదిన తిన్నది. అన్న కడగని పల్లీలు అనబోయి ఊరుకున్నాడు.

గురువారం సాయంత్రం మా ట్రాలీ ఆపిన, కోత అయిపోయిన చెలకలోంచి అమ్మవారు వచ్చే దారి కనిపిస్తోంది. జనం కిక్కిరిసి ఉన్నారు, కానీ వదిన మంచం వాళ్ల తలల కంటే ఎత్తులో ఉంది. తుపాకీ పేలింది. డోలు దగ్గరపడింది. పూనకమొచ్చిన శివసత్తులు ఊగిపోతున్నారు, జనం అమ్మవారికి స్వాగతంగా ఎదురుకోళ్లు ఎగరేస్తున్నారు. దుమ్ములోంచి ముందు జనాన్ని ఆపే తాడు పట్టుకుని రోప్ పార్టీ పోలీసులు, వాళ్ల మధ్య పూజారి, ఆయన చేతుల్లో కుంకుమభరిణె రూపంలో సమ్మక్క తల్లి. వదిన ఎడమచేత్తో గోడ అంచు పట్టుకుని, ఎవరి సాయం లేకుండా లేచి నిలబడింది.

అన్న గాభరాగా శాలువా తీసుకుని ఆమె దగ్గరికి పోయాడు. "రాజీ, దుమ్ము... జర ముక్కుకు అడ్డం పెట్టుకో..."

"నోర్ముయ్యి. చూడనియ్యి" అంది వదిన, అటు నుంచి కళ్లు తిప్పకుండా.

మా అన్న నోరు మూసుకున్నాడు. ఒక చేత్తో ఆమె నడుము పట్టుకుని, శాలువా ఎక్కడ పడిందో కూడా చూడకుండా, తనూ అమ్మవారి వైపు తిరిగాడు.