నాయనమ్మ మింగిన నా మాత్ర

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, అంటే ఎనభైల మొదట్లో, వరంగల్‌లోని మా ఇంట్లో ఒక మాత్ర మీద వారం రోజులు యుద్ధం జరిగింది. ఆ మాత్ర నా కోసం తెచ్చింది. నేను బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోయేదాన్ని. హాఫ్ ఇయర్లీ పరీక్షల్లో కూడా ఇదే తంతయితే టీసీ చేతిలో పెడతామని పెద్ద టీచరమ్మ మా బాపుకు తెగేసి చెప్పింది. నాకేమో బడి అంటే ప్రాణం. చెబితే ఎవరూ నమ్మేవారు కాదు.

బాపు నన్ను హైదరాబాద్ తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించాడు. ఆయన రాసిన మాత్రలు శనగబద్దంత కూడా లేవు. అది హుషారు తెప్పించే మందట. అందరికీ హుషారు, నాలాంటి వాళ్లకు మాత్రం కుదురు.

అది వినగానే నాయనమ్మ నడుం బిగించింది. "ఉరికే ఎద్దును ముల్లుగర్రతోని పొడుస్తవా కొడకా? దీనికి రోగం లేదు ఏం లేదు, పొగరు. రెండు దెబ్బలేస్తే అదే కూసుంటది."

"డాక్టర్ సాబ్‌కు ఎరుకలేదా అవ్వా? జర ఏసి సూద్దాం," అన్నాడు బాపు.

అమ్మ ఇద్దరికీ తలూపింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్లలకు ఏ మందైనా ముందు నాయనమ్మ రుచి చూడాలి. ఆముదమైనా కషాయమైనా ఒక చుక్క నాలుక మీద వేసుకుని, తాను బతికి ఉంటే మాకు పోసేది. మాత్రలో చుక్క ఎక్కడిది? ఆ ఆదివారం పొద్దున ఒకటి మొత్తంగా మింగేసింది.

గంట తర్వాత లేచి ఇల్లు ఊడ్చింది. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చింది. అటక మీది బిందెలన్నీ దింపించి చింతపండుతో తోమింది. మావి అయిపోతే పక్కింటివి అడిగి తెచ్చుకుంది. నర్సంపేటలో ఎప్పుడో జరిగిన ఆడబిడ్డ పెళ్లిలో పప్పు ఎలా మాడిందో చెబుతూనే ఉంది. నేను వెనకాలే తిరుగుతూ కడుపు పట్టుకుని నవ్వాను. నాకంటే కుదురులేని మనిషి ఇంట్లోనే దొరికిందని ఒకటే సంబరం!

"జర కూసో అత్తమ్మా," అంది అమ్మ.

"కూసుందామనే ఉన్నదే! కాళ్లు నా మాట ఇంటలేవు!"

అని, నాయనమ్మ చేతిలో బిందెతో అలాగే ఆగిపోయింది. దెబ్బలు తినేటప్పుడు రోజూ నేను చెప్పేది సరిగ్గా ఆ మాటే.

మధ్యాహ్నానికి బాపు ప్లేటు తిప్పేశాడు. "అవ్వకే గిట్లయితే పోరి ఏమైతది? పారేద్దాం."

"ఎందుకు పారేస్తవ్? డాక్టర్‌ను మల్ల అడుగు. దీనిది పొగరు గాదు," అంది నాయనమ్మ.

బాపు మళ్లీ పోయి అడిగితే, ముందు సగం మాత్రతో మొదలుపెట్టమన్నాడట డాక్టరు. అది పనిచేసిందో, టీసీ భయం పనిచేసిందో ఇప్పటికీ చెప్పలేను. పరీక్షలు మాత్రం లేవకుండా రాశాను.

కానీ నన్ను ఏడిపించింది ఆ ఆదివారం సాయంత్రం. నాయనమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, తాను కొట్టిన పిక్కలకు కొబ్బరినూనె రాస్తూ అంది: "రోజూ గిట్లనే ఉంటదా బిడ్డా నీకు? మరి ఎట్ల ఓర్సుకుంటున్నవే?"