టమాటాలకు దోమతెర

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. తెలియదన్న సంగతి అసలే తెలియదు. గోదావరిఖని ఇంకా సగం గుడిసెలు, సగం క్వార్టర్లుగా ఉన్న కాలం. కమాన్‌పూర్ రైతుబిడ్డను, బొగ్గుబాయిలో పనిచేసే ఆయనకు పెళ్లామై కొత్తగా వచ్చాను. క్వార్టరు వెనక జాగాలో టమాటాలు పెట్టి కాలనీకంతటికీ వ్యవసాయం నేర్పుదామని నా ఉద్దేశం. మొక్కలు మోకాలెత్తు రాకముందే ఆకులు దొప్పల్లా ముడుచుకుని, పసుపెక్కి, ఎదుగుదల ఆగిపోయింది. పక్క క్వార్టరు అక్క గోడ మీదుగా చూసి, "మట్టిల బొగ్గుపొడి ఉన్నది చెల్లె, గందుకే" అంది. (ఆ కాలనీలో తలనొప్పికైనా, తలుపు సరిగా పడకపోయినా కారణం బొగ్గుపొడే.)

నన్ను చూడవచ్చిన మా బాపు ఒక ఆకును తిప్పాడు. అడుగు నుంచి నూకలకంటే చిన్న తెల్లటి పురుగులు లేచాయి. "తెల్లదోమ, బిడ్డా. రోగమున్న చెట్టు రసం పీల్చి మంచి చెట్టుకు అంటిస్తది. ముడుచుకున్నయి పీకి కాలవెట్టు. మిగిలినయాటికి దోమ తగలనియ్యకు" అని చెప్పి బస్సుకు వెళ్లిపోయాడు. దోమ అన్నాక ఇక ఆలోచించేదేముంది? పుట్టింటివాళ్లు పెళ్లికి పెట్టిన దోమతెరను మంచం మీద నుంచి విప్పి, నాలుగు కర్రలు పాతి, మొక్కలన్నిటి మీదా కట్టేశాను. (ముడుచుకున్నవాటిని పీకడానికి మాత్రం మనసొప్పలేదు.)

డ్యూటీ దిగివచ్చిన మా ఆయన మంచాన్ని చూశాడు, పెరడును చూశాడు, కాళ్లు కడుక్కున్నాడు. అన్నానికి కూర్చున్నాడు. మామూలు దోమలకు మాత్రం ఆ రోజు నుంచీ పండుగే. నేను ముసుగుతన్ని పడుకునేదాన్ని. ముసుగేసుకుంటే ఆయనకు ఊపిరాడదు. చివరికి చలిజ్వరం పట్టుకుంది. దవాఖానలో డాక్టరు నాడి చూసి, "ఇంట్ల దోమతెర లేదా?" అని అడిగాడు.

"ఉన్నది సార్," అన్నాడు మా ఆయన వణుకుతూనే. "దాంట్ల టమాటలు పండుకున్నయి."

మందుల కోసం నిలబడ్డవాళ్లందరూ నన్నే చూశారు.

ఇంటికొచ్చి ఆ కోపమంతా తెర మీద చూపిస్తూ ఒక్క గుంజు గుంజాను. లోపలి నుంచి తెల్లదోమ పొగలా లేచింది! మామూలు దోమను ఆపే తెర కన్ను దానికి దర్వాజంత. హాయిగా లోపలికి దూరి, గాలి తగలని చోట సంసారం పెట్టుకుని, నేను జాలిపడి ఉంచిన రోగిష్టి మొక్కల నుంచి మంచివాటన్నిటికీ రోగం అంటించింది. అన్నీ పీకి కాల్చాను. తెర మళ్లీ మంచమెక్కింది. తరువాత కొత్తగా నారు పోసి, సన్ననేత మల్లుగుడ్డ కప్పి పెంచి, పూత వచ్చాకే తీశాను. కాయలు కొన్నే కాశాయి, అయినా పప్పుకు సరిపోయాయి.

ఆ పప్పు వడ్డిస్తూ అడిగాను. "తెర గావాలె అని అప్పుడు ఒక్కమాట అంటే ఏమైతుండె?"

"అంటే నువ్వు ఇస్తుంటివి," అన్నాడు, అన్నం కలుపుకుంటూ. "నీ టమాటలు చస్తయని అడగలే."

"ఎట్లయినా చచ్చినయి గద!" అని విసురుగా గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇన్నేళ్ల తరువాత తలుచుకుంటే నవ్వొస్తుంది. గిన్నె పట్టుకుని పోతున్న ఆ పిల్లను వెనక్కి పిలిచి, ఆయన తినడం అయ్యేదాకా కాసేపు పక్కన కూర్చోవే అని చెప్పాలనిపిస్తుంది.