పిల్లల వరుస

మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, మసీదులో నోటికి ఏదొస్తే అది. తొంభైల్లో కాడుగోడిలో మేము వెళ్లే మసీదు చిన్నది. నమాజుకు పెద్దవాళ్లు ముందు నిలబడేవారు, పిల్లలు చివరి వరుసలో. గిల్లుకోవడం, కిసుక్కున నవ్వడం, అన్నీ ఆ వరుసలోనే.

నాకు పన్నెండేళ్లు నిండగానే తాత నన్ను తన పక్కన, రెండో వరుసలో నిలబెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నా నడకే మారిపోయింది. పాత స్నేహితులు ఎదురైతే చూసీ చూడనట్టు పోయేవాణ్ణి.

అది అవరెకాయల కాలం, అదే అనపకాయల కాలం. ఒక మధ్యాహ్నం అవ్వ చేసిన అవరెకాయల ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నాను. సాయంత్రం అసర్ నమాజులో వంగి లేచేసరికి కడుపు నా పరువు తీసింది. చప్పుడు రాలేదు, నయం. కానీ నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని చేసిన వజూ పోయినట్టే. బయటికెళ్లి మళ్లీ చేసుకోవాలి. వెళ్తే అందరికీ తెలిసిపోతుంది, ఆపైన నాకు పిల్లల వరుసే గతి. బుద్ధిమంతుడిలా చివరిదాకా నిలబడ్డాను.

ఇంటిదారిలో తాత మొహం చూడలేకపోయాను. ఉన్నదంతా చెప్పేశాను.

తాత పడీ పడీ నవ్వాడు. "ముక్కు పట్టుకోని బయటికి పోవాల్సిందప్పా. ముక్కులో రక్తం కారిందేమో అనుకుంటారు. మన మర్యాద పోకూడదనే పెద్దోళ్లు ఆ దారి చెప్పినారు. ఇంటికి పోయి వజూ చేసుకోని, ఆ నమాజు మళ్లా చదువు."

"నన్ను వెనక్కి పంపిస్తావా తాతా?"

"ఎందుకు పంపేది? రేపు కూడా నా పక్కనే."

మర్నాడు అసర్ నమాజు మొదలైన కాసేపటికి తాత ముక్కు పట్టుకుని వరుసలోంచి బయటికి నడిచాడు. అవరెకాయలు ఆయనా తిన్నాడు మరి. ఒక్కరూ తల తిప్పలేదు. వెనకున్నాయన ఒకడుగు ముందుకేసి ఖాళీ నింపాడు. తర్వాత కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

నమాజు ముగిసి వెనక్కి చూశాను. ఆలస్యంగా వచ్చినవాడు చోటున్న చోటే నిలబడాలి కదా. తాత పిల్లల వరుసలో, గడ్డం నుంచి నీళ్లు కారుతుండగా, తనకు తప్పిపోయిన భాగం పూర్తి చేస్తున్నాడు. అటొకడు ఇటొకడు నా పాత స్నేహితులు. ఏ వరుసకు భయపడి నేను దొంగ నమాజు చేశానో, అక్కడ ఆయన హాయిగా ఉన్నాడు. నాకు సిగ్గేసింది. ఆయన మనవణ్ణయినందుకు అంతకంటే ఎక్కువ సంతోషమేసింది.

లేచి వెళ్లి, పిల్లల్ని కాస్త జరగమని, ఆయన పక్కన కూర్చున్నాను.