మేనమామ కేసు షీటు

ఆ రోజుల్లో, అంటే మరీ వెనక్కేమీ కాదు, చేతిలో నర్సింగు పట్టా ఉండి కూడా నేను ఏ ఉద్యోగం చెయ్యాలో చుట్టాలను అడిగేదాన్ని. కామారెడ్డిలో ఒక చిన్న నర్సింగ్ హోంలో పని. నడిచొచ్చిన మనిషిని పడుకోబెట్టి, సెలైన్ ఎక్కించి, మళ్లీ నడిపించి పంపడం అక్కడి వైద్యం. (అదీ సేవే. మంచాలకు.) అంతలో మాచారెడ్డి రోడ్డు వైపున్న మానసిక వైద్యశాలలో వార్డు నర్సు కావాలని, సోమవారం వచ్చి కలవమని ఫోను వచ్చింది. నాకు వెళ్లాలనే ఉంది. ఎల్లారెడ్డిలో మా ఇంట్లో ఆ మాట అనగానే అవ్వ (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం) చేతిలో గంటె ఆగిపోయింది. "పిచ్చి దవాఖాన్లనా? నీకు ఇంకేడ నౌకరీ దొరకలేదే?" వెంటనే నస్రుల్లాబాద్ నుంచి మేనమామను పిలిపించారు. ఆయన జన్మలో ఆస్పత్రి మెట్టెక్కని మనిషి కాబట్టి, వైద్యరంగంలో మా ఇంటి ఆఖరి తీర్పు ఆయనదే. "పిలగాని ఇల్లు చూడకుండ పిల్లనిస్తమా? నౌకరైనా గంతే. వోయి చూసొద్దాం. నాకు నచ్చకుంటే చేరేది లేదు, గంతే."

సోమవారం అద్దె జీపులో అవ్వ, అత్తమ్మ, మామ బయల్దేరారు. ఇస్త్రీ చీరలు, తెల్ల లాల్చీ, డజను అరటిపండ్లు. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని వెనక సీట్లో నేను, ఈ మనుషుల మధ్య ఇంత తెలివి నాకెలా వచ్చిందా అని ఆశ్చర్యపోతూ. మేం చేసిన పొరపాటల్లా ఒకటే: అలాంటి చోటికి ఇంటిల్లిపాదీ కలిసి, మొహాలు బిగించుకుని దిగేది వేరే పనికి. నేను గేటు దగ్గర రిజిస్టరులో పేరు రాస్తుండగానే, లోపల ఒక పెద్ద సిస్టర్ ముగ్గురినీ కూర్చోబెట్టి, అందరిలోకీ దర్జాగా కనిపించిన మామవైపు తిరిగి, "నిద్ర పడుతుందా బాపూ?" అని కేసు షీటు తీసింది.

నేను వెళ్లేసరికి మామ మంచి ఊపులో ఉన్నాడు. "ఏడ నిద్రమ్మా! నిజాంసాగర్ నీళ్లు మా మడిదాక వస్తయో రావో అని రెండు నెల్లాయె కన్నంటుకుంటలేదు."

"ఎవరిమీదన్నా అనుమానం ఉందా?"

"అనుమానమేంది, ఎర్కనే! మా పైన పొలంవోడు గట్టు తెంపి నీళ్లు మలుపుకుంటుండు."

"ఒక్కరే ఉన్నప్పుడు మాట్లాడతారా?"

"మోటరుతోని మాట్లాడుత. అదొక్కటే నా మాట ఇంటది."

"అన్నం సగమే తింటుండు సిస్టరమ్మా, అడిగితే కస్సుమంటడు" అని అత్తమ్మ అందించింది. అవ్వ నా చెవిలో, "మర్యాదస్తులే. ఎంత మంచిగ అడుగుతుండ్రో సూడు" అంది.

"సిస్టర్, ఉద్యోగానికి వచ్చింది నేను" అన్నాను. ఆమె కాగితాన్ని, మామను, అరటిపండ్లను వరుసగా చూసింది. నవ్వలేదు. (నేనైతే నవ్వేదాన్ని, ఆ కుర్చీకి పనికిరాకుండా పోయేదాన్ని.) "ఈయన మీకేమవుతారు?"

"మేనమామ."

"నిద్ర లేదని మీకు తెలుసా?"

పండక్కొచ్చినప్పుడల్లా మామకు బీపీ చూసి, అంకె చెప్పి, గొప్పగా పట్టీ విప్పేదాన్ని. నిద్ర సంగతి ఒక్కనాడూ అడగలేదు. "తెలియదు" అన్నాను. నా ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆమె మాత్రం, "తెలియదని ఒప్పుకున్నారు కదా, మిగతాది మేం నేర్పుతాం. ఒకటో తారీఖున రండి. ఈయన్ని మాత్రం ఇవాళే డాక్టరుకు చూపించండి" అంది.

తిరుగు జీపులో, ఒళ్లో మందుల పొట్లంతో మామ తీర్పిచ్చాడు: "చేరు బిడ్డా. ఇన్నేండ్లల్ల నేను చెప్పేది ఆఖరుదాక ఇన్నది ఆ సిస్టరమ్మ ఒక్కతే."

"మరి నేను ఇంటలేనా?" అంది అత్తమ్మ.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. ఇస్త్రీ బట్టలతో గుంపు దిగితే ముందు "ఎవరికోసం వచ్చారు?" అని అడుగుతాను. అందరూ ఒక్కరివైపే వేలు చూపిస్తారు. నేను మాత్రం అందరినీ నిద్ర సంగతి అడుగుతాను. వెనక సీట్లో కూర్చుని జీపెడు మనుషులను వెక్కిరించుకున్న ఆ పట్టభద్రురాలు అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ముందు సీట్లో మామ కళ్లకింద నలుపు ఆమెకు కనిపించనేలేదు. మామ ఇప్పుడు బాగానే నిద్రపోతున్నాడు. అయినా చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా, వియ్యంకుల ఇంటికొచ్చినట్టు, తెల్ల లాల్చీ వేసుకుని డజను అరటిపండ్లు తెస్తాడు.