సోమవారం ఆగే మిషన్

మా ఆయన పోయిన ఐదో నెలలో, ఆయన పనిచేసిన ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో నాకు ఉద్యోగం ఇచ్చారు. నా చదువు నాన్నగారు ఇంట్లో చెప్పినదే, బడి ముఖం చూడలేదు. అందుకని కాపీలు తీసే మిషన్ దగ్గర నిలబెట్టారు. కలకత్తా పెద్దాఫీసులో పాతబడ్డాక మాకు పంపిన మిషన్ అది. ఆరు నెలలు చూసి, పని వచ్చిందని పెద్ద గుమాస్తా రాస్తే ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మా అత్తగారు అప్పటికే రెండు ట్రంకు పెట్టెలు సర్ది గుమ్మం పక్కన పెట్టుకున్నారు. నాకు భయం కూడా సరిగా వేసేది కాదు. అంతా వేరే ఎవరికో జరుగుతున్నట్టు ఉండేది.

చేరిన రోజు నుంచీ, మీట వెయ్యకముందు మిషన్ మూత అంచున మూడు వేళ్ళతో విభూతి పెట్టడం నా అలవాటు.

మూడో నెలలో అది ఆగడం మొదలుపెట్టింది. కాగితం సగం లోపల ఉండగా దీపం ఆరిపోయేది. మూత తీసి మళ్ళీ వేస్తే ఒక్కోసారి వెలిగేది, ఒక్కోసారి లేదు. కరెంటు మిస్త్రీ వచ్చేసరికి మాత్రం బుద్ధిగా తిరిగేది. పెద్ద గుమాస్తా బెంగాలీ ఆయన. మిస్త్రీ వెళ్ళాక కళ్ళజోడు పైనుంచి చూసి, "మిషన్ ఠీక్ హై, దీదీ" అనేవాడు. మిగిలినది అనక్కర్లేదు.

నాకు తెలిసినవి రెండు పనులు. ఆగినప్పుడల్లా వారం, వేళ ఒక కాగితం మీద రాశాను. పొద్దున్నే విభూతి ఇంకాస్త ఎక్కువ పెట్టాను.

మిస్త్రీ మా శ్రీకాకుళం వైపు మనిషి, రిటైరవబోతున్నవాడు. నాలుగోసారి వచ్చి ప్లగ్గు చూశాడు, ఫ్యూజు మార్చాడు, వైర్లు కదిపి చూశాడు.

"ఏటమ్మా, నానొస్తే తిరుగుతాది, ఎల్లిపోతే ఆగిపోతాది. నా మీద మోజేటి దీనికి?"

నేను కాగితం ఇచ్చాను. వేలు పెట్టుకుని చదివాడు.

"ఎవులు రాసినారు?"

"నేనే, బాబాయ్."

"మా ఇంజినీర్లు కూడా ఇలాగ రాయరు. సూడు, అన్నీ పొద్దున్నే ఆగినాయి. మద్దేన్నం ఒక్కటీ లేదు. సోమారం అయితే నాలుగేసి సార్లు. సోమారం నువ్వేటి సేస్తావు?"

"సోమవారం శివుడికి కదా, కొంచెం ఎక్కువ..." అంటుండగానే నాకు తెలిసిపోయింది. చెయ్యి మూత అంచు మీదికి దానంతటదే వెళ్ళింది.

అతను అక్కడి మరలు విప్పాడు. మూత పూర్తిగా పడితేనే కరెంటు పోనిచ్చే చిన్న స్విచ్చి ఒకటి లోపల ఉంది. దాని రాగి రేకుల మధ్య తెల్లటి పొడి.

"ఇబూది పొద్దున్న రాలతాది, పదిసార్లు మూతేసి తీసినాక రాపిడికి పోతాది, అందుకే నానొచ్చేసరికి తిరుగుతాది" అన్నాడు గుడ్డతో తుడుస్తూ. "నువ్వు దండమెట్టిన కొద్దీ ఆగింది తల్లీ."

నవ్వు రాలేదు. సిగ్గు కూడా రాలేదు.

పెద్ద గుమాస్తా వచ్చి, ఏమైందని బెంగాలీలో "కీ హోలో?" అని అడిగితే, స్విచ్చిలో దుమ్ము పడిందని మిస్త్రీ హిందీలో చెప్పాడు. నన్ను కాపాడాలనే. నేను ఊరుకోలేకపోయాను. దుమ్ము కాదు, నేను పెట్టిన విభూతి అన్నాను, వచ్చీరాని హిందీలో.

ఆయన సొరుగు పైన కూడా కాళీమాత పటం ఉంది. "దీవార్ పే లగానా, దీదీ" అని, ఇకమీద విభూతి అక్కడ పెట్టమని గోడ చూపించాడు. నా కాగితం అడిగి తీసుకుని, తెలుగు ఒక్క అక్షరం చదవడం రాకపోయినా మిషన్ ఫైలులో గుచ్చాడు.

ఆరో నెలాఖరున ఒక్క వాక్యం రాశాడు, పని వచ్చిందని.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పాను. అత్తగారు, "అయితే పెట్టెల్లోంచి దుప్పట్లు తీసెయ్యనా?" అన్నారు.

"తీసెయ్యండి."

మిస్త్రీకి, పెద్ద గుమాస్తాకి, మా ఆయనకి మనసులో దండం పెట్టుకున్నాను. అప్పుడూ ఏడుపు రాలేదు. కలరా ఉండల వాసన పోయేదాకా దుప్పటి దులిపి, మంచం మీద పరిచాను.