ఇది పెరిగితే అదేమవుతుంది?

మా బావగారికి రెండు విషయాలు పక్కపక్కన కనబడితే చాలు, "ఇది పెరిగితే అదేమవుతుంది?" అని అడుగుతారు. అడిగి ఊరుకుంటే బాగానే ఉండేది. జవాబు కూడా తానే ముందు చెప్పేస్తారు. అది ఎప్పుడూ తప్పే. పోనీ ఆయన చదువురాని మనిషా అంటే కాదు, బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పే మాస్టారు!

నేనూ అదే బళ్ళో పక్క గదిలో భాష చెప్తాను. రెండు గదులకీ మధ్య ఓ చెక్క అడ్డం, దానికో సందు. ఇటు దగ్గితే అటు వినబడుతుంది. నాకు అసలే పుట్టుకతో కంగారు. తలుపు గట్టిగా కొట్టుకున్నా ప్రాణం పైకి పోతుంది. అలాంటిదాన్ని తెచ్చి ఆయన పక్కన పడేశారు.

ఓసారి ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం.

"అమ్మాయ్, క్యూ పెరిగేకొద్దీ బస్సు తొందరగా వస్తుంది, చూస్తూ ఉండు" అన్నారు, అందరికీ వినబడేలా.

ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. "మీరెప్పుడైనా బస్సెక్కారా?"

"రోజూ ఎక్కుతానండీ. ఏం, కాదంటారా? ఎందుకు కాదో చెప్పండి మరి."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ అందుకున్నారు. బావగారు జేబులోంచి సుద్దముక్క తీసి, నేలమీద ఓ అడ్డగీతా ఓ నిలువుగీతా గీసి, చుక్కలు పెట్టమని వాళ్ళ చేతికే ఇచ్చారు. ఈలోగా బస్సు వచ్చింది, వెళ్ళింది. ఒక్కరూ ఎక్కలేదు.

ఇంట్లోనూ అంతే. "మంట పెంచేకొద్దీ నీళ్ళు మరగడం ఆలస్యమవుతుందోయ్" అంటూ పొయ్యి దగ్గర తయారవుతారు. "మీతో వేగలేక ఛస్తున్నాను, పక్కకి తప్పుకోండి" అంటుంది అక్కయ్య. తప్పుకోరు. ఎందుకు కాదో చెప్పమంటారు.

ఇక క్లాసు సంగతి. "బరువు పెరిగేకొద్దీ రబ్బరుబ్యాండు పొట్టిదవుతుంది. రాసుకోండర్రా."

"కాద్సార్!" అని పైకప్పు లేచిపోయేలా అరుపులు.

కిటికీ ఊచకి రబ్బరుబ్యాండు కట్టి, దానికి తాళాలు ఒక్కొక్కటే తగిలిస్తారు. బోర్డు మీద అడ్డంగా బరువు, నిలువుగా పొడవు. తాళం తగిలించినప్పుడల్లా ఓ పిల్ల వచ్చి చుక్క పెడుతుంది. అన్నీ కలిపితే గీత పైకెక్కుతుంది. "ఇదేంట్రా, పైకి పోతోంది? నా బుర్రకెక్కలేదు, మళ్ళీ చెప్పండి" అని బావగారు తల గోక్కుంటారు. పిల్లలు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఆయనకి పాఠం చెప్తారు. ఇటు నా పద్యం గాలికి పోతుంది.

ఆ గదిలో అరవని పిల్ల ఒక్కతే. కిటికీ పక్కన బెల్లంకొట్టిన రాయిలా కూర్చునేది. జవాబు తెలిసినా చెప్పదు. పేరు పెట్టి పిలిస్తే ముఖమంతా చెమటలు పట్టి, "తప్పయితేనో?" అని గొణిగి తలదించుకునేది. నేనూ బతిమాలి చూశాను, లాభం లేకపోయింది.

ఇంతలో కొంప మునిగింది. ఎవరో తండ్రి వచ్చి, "మీ లెక్కల మాస్టారికి మావాడు లెక్కలు నేర్పుతున్నాడటండీ" అని ఫిర్యాదు చేశాడు. విషయం పైదాకా పోయి, తనిఖీకి అధికారి వస్తున్నారని కబురొచ్చింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు నా ముందే బావగార్ని పిలిచారు. "మాస్టారూ, ఆయన ముందు నోరు జారారంటే ఈ క్లాసు తీసేసి మిమ్మల్ని స్టోర్‌రూమ్‌లో పడేస్తారు. ఒక్కరోజు సరిగ్గా చెప్పండి, మీకు దణ్ణం పెడతాను."

"అలాగేనండీ."

వాదించకుండా ఆయన అన్న ఆ 'అలాగే' వినగానే నాకు అనుమానమొచ్చింది. క్లాసు పోతే ఆయన మనిషిగా మిగలరు. తనిఖీ రోజు పొద్దున్నే, అక్కయ్య ఎదురుగానే ఆయన్ని పట్టుకున్నాను.

"బావగారూ, మీకు పుణ్యముంటుంది, ఇవాళ్టికి తప్పు చెప్పకండి. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

"భయం పెరిగేకొద్దీ ధైర్యం కూడా పెరుగుతుంది అమ్మాయ్."

"చూశావా అక్కా, పొద్దున్నే మళ్ళీ తప్పు!"

అధికారి వచ్చారు. ప్యాంటు ఇస్త్రీ మడత కత్తిలా ఉంది. "ఎవరైనా నోరెత్తారో, చెప్తాను!" అని పిల్లల్ని ముందే బెదిరించి, హెడ్‌మిస్ట్రెస్ గారు తలుపు దగ్గర నిలబడ్డారు. నేను నా పిల్లలకి చూచిరాత ఇచ్చి, చెక్క సందులో కన్ను పెట్టాను.

బల్లమీద నీళ్ళ డబ్బా, దాని పక్కన అడుగుకి దగ్గరగా ఓ చిల్లు, చిల్లు మీద అంటించిన ప్లాస్టరు.

"డబ్బాలో నీళ్ళ ఎత్తు, ధార పడే దూరం. ఇవర్రా ఇవాళ్టి సంగతి" అన్నారు బావగారు. "డబ్బా నిండుగా ఉంటే ధార బల్ల దగ్గరే పడుతుంది. నీళ్ళు తగ్గేకొద్దీ దూరం పోతుంది. కాబట్టి అయ్యగారూ, మీరిలా ఎదురుగా కూర్చోండి. ఇప్పట్లో మీకేం ఢోకా లేదు."

అయిపోయింది. పిల్లలందరికీ తప్పని తెలుసు, కానీ హెడ్‌మిస్ట్రెస్ గారి కళ్ళు చూసి గుటకలు మింగుతున్నారు.

"తీసెయ్యనా?" అన్నారు బావగారు. ప్లాస్టరు అంచు గోటితో లేపారు. "తీసేస్తున్నానర్రా."

"వద్దు సార్!"

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. ఎప్పుడైనా గట్టిగా వింటే కదా! కిటికీ పక్క పిల్ల లేచి నిలబడింది. నిలువెల్లా వణుకుతోంది.

"తప్పు సార్. నిండుగా ఉన్నప్పుడే దూరం పడుతుంది. ఆ సార్ తడిసిపోతారు."

"అలాగా? నీకెలా తెలుసమ్మా?"

"మా డ్రమ్ముకి చిల్లుంది సార్. నిండా ఉన్నప్పుడు బకెట్టు దూరంగా పెడతాను. నీళ్ళు తగ్గేకొద్దీ ధార దగ్గరికొచ్చేస్తుంది, నేను బకెట్టు జరుపుతూ ఉంటాను. లేకపోతే ఇల్లంతా నీళ్ళే."

అధికారి నవ్వారు. "మాస్టారికి తెలియనిది నీకు తెలుసా? కానివ్వండి మాస్టారూ, నేను కదలను."

బావగారు ప్లాస్టరు లాగారు. ధార తిన్నగా వెళ్ళి ఇస్త్రీ మడత మీద పడింది. అధికారి కుర్చీతో సహా ఎగిరారు. హెడ్‌మిస్ట్రెస్ గారు "అయ్యయ్యో" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. అందరికంటే ముందు ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

నేను పరుగెత్తుకుంటూ ఆ గదిలోకి వెళ్ళేసరికి అధికారి ప్యాంటు పిండుకుంటున్నారు. "మాస్టారూ, నిజంగా మీకింతమాత్రం తెలియదా?"

బావగారు తల గోక్కున్నారు. "తప్పయిపోయిందండీ. ఆ అమ్మాయి చెప్పేదాకా తట్టలేదు."

"మాస్టారికి తెలుసు సార్!" అంది ఆ పిల్ల, ఆయన్ని ఎలాగైనా కాపాడాలని. "మొన్న మా ఇంటికొచ్చినప్పుడు నా చేతిలోంచి తీసుకుని బకెట్టు ఆయనే జరిపారు. మర్చిపోయుంటారు, పాపం."

బావగారి ముఖం పాలిపోయింది. అధికారి ఆయన్ని ఎగాదిగా చూశారు. "అంటే తెలిసే నన్నక్కడ కూర్చోబెట్టారా?"

"ఆ పిల్ల నోరు విప్పాలంటే ఎవరో ఒకరు తడవాలి కదండీ" అన్నారు బావగారు నసుగుతూ. "నేను తడవడం వీళ్ళకి అలవాటైపోయింది."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆ బస్సు క్యూ, ఆ రబ్బరుబ్యాండు, ఆ తప్పులన్నీ ఎదుటివాళ్ళు ధైర్యంగా నోరు తెరవడానికేనన్నమాట. ఇన్నేళ్ళు పక్క గదిలో ఉండి నాకిది తట్టనేలేదు. ఆ పిల్ల అప్పటికే సుద్దముక్క తీసుకుని బోర్డు మీద చుక్కలు పెడుతోంది, ఎవరూ అడక్కుండానే.

అధికారి ఆ చుక్కలకేసి కాసేపు చూసి, హెడ్‌మిస్ట్రెస్ గారివైపు తిరిగారు.

"ఈ క్లాసు ఈయన దగ్గరే ఉండనివ్వండి. వచ్చే ఏడు తనిఖీకి మాత్రం నేను రానమ్మా. మా పై అధికారిని పంపిస్తాను."