టైము లేని రైలు

తిరుత్తణిలో మా మేనత్త రాట్నం మీద మగ్గానికి నూలు కండెలు చుట్టేది. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు మగ్గం, నూలు తాకకూడదని ఆ ఇంటి ఆచారం. అత్తకేమో ఒక్కోసారి రెండు నెలలైనా రాదు, ఒక్కోసారి పదిహేను రోజులకే వచ్చేస్తుంది. రాగానే రాట్నం వదిలేసి, చేతులు దులుపుకొని, "నా రైలు వచ్చేసినాదిమ్మా. దానికి టైమంటూ ఉండాదా?" అని నవ్వేది. ఇక మూడు రోజులు అరుగు మీద కూర్చుని ఫోన్లో సీరియళ్లు.

కాలేజీ చదువుకని వాళ్లింట్లో ఉన్నప్పుడు నాకూ నెలసరి తప్పసాగింది. అమ్మకు చెప్పలేక ఏడుస్తుంటే అత్త కనిపెట్టింది.

"దీనికి ఏడ్చేదేంది? పా, ఇద్దరమూ చూపించుకొనొస్తాం" అని తిరువళ్లూరు తీసుకెళ్లింది.

తన కోసం ఏనాడూ ఆసుపత్రి మెట్లెక్కని మనిషి, నాకు తోడుగా తనూ రక్తపరీక్ష చేయించుకుంది. ఇద్దరికీ థైరాయిడ్ అని తేలింది. మాత్రలు వాడాక, కొన్నాళ్లకు ఇద్దరికీ నెలనెలా సరిగ్గా రావడం మొదలైంది.

ఆ దీపావళి ముందు చీరల పని ఊపిరాడనివ్వడం లేదు. అత్త మళ్లీ చేతులు దులుపుకొని రాట్నం ముందు నుంచి లేచింది. ఆమెకు నెలసరి మొన్ననే అయిపోయిందని నాకు తెలుసు.

"ఏందత్తా ఇది?" అన్నాను గుసగుసగా.

"ఊరుకోమే. నా రైలుకు టైము కుదిరిందని ఇంట్లో ఎవురికీ చెప్పలేదు."

ఇంతలో ఆమె అత్తగారు కాఫీ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది.

"తాగి పండుకో పో. పండగ ముందర పని ఎక్కువైతే నాకూ ఇట్లనే వస్తా ఉన్నింది."